ఇంట్లో తాగుడు ఉంటే పిల్లల విషయంలో చూసుకోవాల్సినవి

చీమకుర్తి, ఒంగోలు సభ్యులకు నమస్కారం. "తండ్రి తాగుబోతు, కొడుకూ అంతేలే" అనే మాట ముందు మానుకుందాం. మద్యానికి బానిసయ్యే ముప్పులో దాదాపు సగం జన్యువులది, మిగతాది పెంపకం, పరిసరాలు. ఒక్క జన్యువుతో తేలే విషయం కాదు, కాబట్టి రక్తపరీక్షలకు డబ్బు తగలేయకండి. తాత, తండ్రి, మేనమామల్లో ఎవరికి వ్యసనం ఉందో రాసి పెట్టుకుంటే చాలు.

అలాంటి ఇంటి కుర్రాడు "నాకు ఎంత తాగినా ఎక్కదు" అంటే మురిసిపోకండి. అదే ప్రమాద సూచన. మత్తు తెలియక మోతాదు పెంచేస్తాడు. పదిహేనేళ్ల లోపే మొదలుపెట్టిన వాళ్లు బానిసలయ్యే అవకాశం చాలా ఎక్కువ. తిరునాళ్లలో సరదాకి గుక్క పట్టించడం, పిల్లాడి చేత సీసా తెప్పించడం ఆపండి.

చిన్నతనంలో దెబ్బలు, ఇంట్లో కొట్లాటలు, లైంగిక వేధింపు, తల్లి లేదా తండ్రి దూరమవడం కూడా ఈ ముప్పు పెంచుతాయి. 1998లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో ఇలాంటివి నాలుగు, అంతకు మించి అనుభవించిన వాళ్లలో మద్యం, మత్తుమందుల సమస్య కనీసం నాలుగింతలు కనిపించింది. నిద్రలో ఉలికిపాటు, మళ్లీ పక్క తడపడం, బడి ఎగ్గొట్టడం కనిపిస్తే తిట్టకుండా అడగండి. వేధింపు అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మానసిక సలహాకు టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416.

ఒక హెచ్చరిక: రోజూ బాగా తాగే తండ్రిని పిల్లల కోసమని ఒక్కసారిగా మాన్పించకండి. రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికొస్తుంది. డాక్టర్ పర్యవేక్షణలోనే మాన్పించాలి.