సిక్ లీవును వార్షిక సెలవులో కలిపే ముందు

సంపాదకులకు నమస్కారం.

సిక్ లీవుకూ వార్షిక సెలవుకూ ఉన్న వేర్వేరు ఖాతాలను ఎత్తివేసి, ఏడాదికి ఇన్ని రోజులంటూ ఒకే ఉమ్మడి సెలవు ఖాతా ఇచ్చే పద్ధతికి కొన్ని సంస్థలు మారుతున్నాయి. జ్వరమా, ప్రయాణమా అని ఎవరూ అడగరు, మీ రోజులు మీ ఇష్టం అన్న మాటతో హెచ్‌ఆర్ విభాగాలు ఈ మార్పును ఉద్యోగుల ముందు పెడతాయి. ఒక సంస్థ సిబ్బంది విభాగంలో చాలాకాలం సెలవుల లెక్కలు రాసినవాడిగా, అక్కడ ఈ మార్పు జరుగుతున్నప్పుడు దగ్గరుండి చూసినవాడిగా, ఇటువంటి సర్క్యులర్లలో సాధారణంగా కనిపించని ఒక విషయాన్ని మీ పాఠకుల దృష్టికి తేదలిచాను.

వార్షిక సెలవు జీతంలో భాగం. పనిచేసిన కాలాన్నిబట్టి అది జమ అవుతుంది, ఎంత జమ అయితే అంత వాడుకునే హక్కు ఉద్యోగికి ఉంటుంది. సిక్ లీవు స్వభావం వేరు, అది బీమా లాంటిది. హక్కు అందరికీ ఉన్నా, అవసరపడినవారే దాన్ని వాడుకుంటారు. ఏడాదంతా ఆరోగ్యంగా ఉన్నవారి సిక్ లీవు ఖర్చు కాకపోతే వారికి అన్యాయం జరిగిందని ఎవరూ అనుకోరు. రెండింటినీ ఒకే ఖాతాలో వేసిన రోజున ఆ బీమా కాస్తా పొదుపుగా మారిపోతుంది. జబ్బు పడనివారికి ఆ పొదుపు అదనపు విహారంగా చేతికొస్తే, జబ్బు పడినవారు తమ విశ్రాంతిలోంచి కోసి వైద్యానికి చెల్లించుకోవలసి వస్తుంది.

ఉదాహరణకు ఒక సంస్థలో 18 రోజుల వార్షిక సెలవు, 12 రోజుల సిక్ లీవు ఉన్నాయనుకుందాం. సిక్ లీవు మొత్తాన్ని ఎలాగూ అందరూ వాడరు కదా అని, 30 రోజులకు బదులు 25 రోజుల ఉమ్మడి ఖాతా ప్రకటించారనుకుందాం. ఒంట్లో ఏ బాధా లేని ఉద్యోగికి 18 రోజుల చోట 25 రోజులు దొరుకుతాయి. తరచూ మైగ్రేన్‌తో బాధపడుతూ పాత పద్ధతిలో 12 రోజుల సిక్ లీవునూ వాడుకునే ఉద్యోగికి మాత్రం విశ్రాంతికని మిగిలేది 13 రోజులే. నిన్నటిదాకా వార్షిక సెలవు విషయంలో సమానంగా ఉన్న ఇద్దరి మధ్య ఇప్పుడు 12 రోజుల తేడా వచ్చింది. సగటు తీస్తే ఉద్యోగులకు మేలే జరిగిందని సంస్థ చూపించగలదు, ఆ లెక్కలో తప్పు కూడా ఉండదు. అయితే జబ్బులు సగటు ప్రకారం రావు. అవి కొందరికే, అందులోనూ వయసు పైబడినవారికీ దీర్ఘవ్యాధులున్నవారికీ ఎక్కువగా వస్తాయి.

పాత పద్ధతిలో లోపాలు లేవని నేను అనను. ఒక్కరోజు తలనొప్పికి మెడికల్ సర్టిఫికెట్ తెమ్మనడం, బిడ్డకు జ్వరమొస్తే 'సొంత అనారోగ్యం' కాదు కాబట్టి తల్లి తనకే ఒంట్లో బాగాలేదని రాసి ఇవ్వవలసి రావడం, ఇవన్నీ ఆ పద్ధతి పుట్టించిన అబద్ధాలు. అటువంటి సర్టిఫికెట్లు ఎన్నింటినో నేనే ఫైలులో పెట్టాను, నమ్మి మాత్రం కాదు. ఉమ్మడి ఖాతాతో ఆ నాటకానికి తెరపడుతుందన్నది నిజం, ఆ మేరకు దాన్ని మెచ్చుకోవలసిందే.

కానీ అక్కడే మరో చిక్కు మొదలవుతుంది. జబ్బు చేసిన ప్రతి రోజూ విహారపు రోజుల్లోంచే పోతుందని తెలిసినప్పుడు, మనిషి జ్వరంతోనైనా ఆఫీసుకే వస్తాడు. మా అకౌంట్స్ విభాగంలో ఒక ఉద్యోగి, చెల్లెలి పెళ్లికని దాచుకున్న రోజులు తరిగిపోతాయన్న భయంతో, కీబోర్డు పక్కన మాత్రల స్ట్రిప్పు పెట్టుకుని, దగ్గు వచ్చినప్పుడల్లా ముఖం గోడవైపు తిప్పుకుంటూ లెడ్జర్ సరిచూడడం నేను చూశాను. ఆయన పంపిన పట్టికలను మరొకరు మళ్లీ మొదటినుంచీ సరిచేయవలసి వచ్చింది, ఆ తర్వాత అదే వరుసలో కూర్చునేవారు ఒకరి వెంట ఒకరుగా మంచం పట్టారు. ఫ్లూ సోకిన పెద్దవారు లక్షణాలు కనిపించడానికి సుమారు ఒక రోజు ముందునుంచి, కనిపించాక 5 నుంచి 7 రోజుల వరకూ ఇతరులకు దాన్ని అంటించగలరు. అటువంటివారిని ఇంటివద్ద ఉంచడం దయ కాదు, సంస్థకు లాభసాటి వ్యవహారం. ఆసుపత్రుల్లోనూ వంటశాలల్లోనూ పనిచేసేవారి విషయంలో దీన్ని వేరుగా చెప్పనవసరం లేదు.

ఈ రెండు సెలవులూ ఒకటి కావన్నది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970లో ఆమోదించిన 132వ ఒప్పందం ఏడాదికి కనీసం 3 పనివారాల వేతన సెలవు ఉండాలని చెబుతూ, అనారోగ్యం వల్లగానీ గాయం వల్లగానీ పనిచేయలేకపోయిన రోజులను ఆ కనీస సెలవులో భాగంగా లెక్కించరాదని స్పష్టం చేసింది. ఆ ఒప్పందంలో చేరని దేశాలు చాలా ఉన్నాయి, అయినా అందులోని తర్కం ఎక్కడైనా ఒకటే. ఐరోపా న్యాయస్థానం 2009 జనవరిలో ఇచ్చిన తీర్పులో, వార్షిక సెలవు విశ్రాంతికీ వినోదానికీ ఉద్దేశించినదనీ, అనారోగ్య సెలవు కోలుకోవడానికి ఉద్దేశించినదనీ వేరుపరిచింది. ముందే ఖరారైన వార్షిక సెలవు కాలంలో జబ్బు పడిన ఉద్యోగి ఆ సెలవును తర్వాత మరోసారి తీసుకోవచ్చని అదే ఏడాది సెప్టెంబరులో తీర్పునిచ్చింది.

యాజమాన్యాలకూ ఇది తేలిక బేరమేమీ కాదు. వాడని సిక్ లీవుకు ఉద్యోగం వదిలేటప్పుడు డబ్బు ఇవ్వనవసరం లేని చోట కూడా, రెండూ కలిపిన ఖాతాలో మిగిలిన ప్రతి రోజూ బాకీగా మారవచ్చు. కాలిఫోర్నియాలో అలాగే జరుగుతుంది. అక్కడ ఉమ్మడి ఖాతాను చట్టం వార్షిక సెలవుగానే, అంటే సంపాదించుకున్న వేతనంగానే చూస్తుంది. ఆ బాకీ పెరగకూడదనే సంస్థలు నిల్వకు గరిష్ఠ పరిమితి పెడతాయి, లేదా చట్టం ఒప్పుకున్నచోట ఏడాది చివర మిగిలిన రోజులు మురిగిపోయేలా నిబంధన రాస్తాయి. ఉద్యోగి ఒకవైపు జబ్బు కోసం రోజులు దాచుకోవాలి, మరోవైపు దాచుకుంటే పోతాయి. ఈ నిబంధనను 'సౌలభ్యం' అన్న శీర్షిక కిందే అచ్చువేసిన సర్క్యులర్ ఒకటి నా చేతిమీదుగా నోటీసు బోర్డుకు వెళ్లింది.

ఇక పాత నిల్వల సంగతి. ఏళ్ల తరబడి సెలవు పెట్టకుండా పనిచేసి 80, 90 రోజుల సిక్ లీవు కూడబెట్టుకున్నవారు చాలా సంస్థల్లో ఉంటారు. మారే రోజున ఆ నిల్వ ఏమవుతుందో చర్చలన్నీ ముగిశాక, చివరి పేరాలో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. కొందరు దాన్ని పూర్తిగా రద్దు చేస్తారు, కొందరు నాలుగు రోజులకు ఒకటి చొప్పున కొత్త ఖాతాలో కలుపుతారు. మరికొందరు విడిగా స్తంభింపజేసి, పెద్ద జబ్బు వస్తే వాడుకోవచ్చంటారు. ఈ మూడింటిలో చివరిదే న్యాయమైనదని నా అభిప్రాయం, కానీ అందులోనూ మెలిక ఉంటుంది. జబ్బు చేసిన ప్రతిసారీ వరుసగా మొదటి ఐదు రోజులు ఉమ్మడి ఖాతాలోంచి పోయాకే పాత నిల్వ తెరుచుకుంటుందని రాస్తే, వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్‌కు గానీ నెలకోసారి కీమోథెరపీకి గానీ వెళ్లే వ్యక్తికి అది ఎప్పటికీ తెరుచుకోదు. ఎందుకంటే ఆ వ్యక్తి వరుసగా ఐదు రోజులు ఎన్నడూ సెలవు పెట్టడు. ఆ ఐదు రోజులను ఒక్కో జబ్బుకు విడిగా కాక ఏడాది మొత్తానికి కలిపి లెక్కించాలని ఉద్యోగుల ప్రతినిధులు పట్టుబట్టాలి. కొత్తగా చేరినవారి సంగతి కూడా అడగాలి. నెలనెలా కొంచెంగా జమ అయ్యే ఖాతాలో, చేరిన రెండో నెలలోనే టైఫాయిడ్ వచ్చినవారికి లాస్ ఆఫ్ పే తప్ప దారి ఉండదు కనుక, మొదటి రోజునుంచే కొన్ని రోజులు ముందస్తుగా ఇచ్చే నిబంధన ఉండాలి.

ఒకే ఖాతా కావాలనుకునే సంస్థలు అలాగే పెట్టుకోవచ్చు. అయితే అందులో ఏడాదికి కనీసం 5 రోజులు అనారోగ్యానికి మాత్రమే కేటాయించి, అవి విహారంగానూ నగదుగానూ మారకుండా, మురిగిపోకుండా మరుసటి ఏడాదికి చేరేలా నియమం రాయాలి. ప్రసూతి సెలవు, పని ప్రదేశంలో జరిగిన ప్రమాదాలకు ఇచ్చే సెలవు ఈ ఖాతాకు పూర్తిగా వెలుపల ఉండాలి. మార్పుకు అంగీకరించమని సంతకం అడిగినప్పుడు, తన పేరున ఆనాటికి ఉన్న సిక్ లీవు నిల్వ ఎన్ని రోజులో, మారాక అది ఏ ఖాతాలో ఏ షరతులపై ఉంటుందో తెలిపే కాగితాన్ని ప్రతి ఉద్యోగీ ముందుగా రాతపూర్వకంగా తీసుకోవాలి. సిబ్బంది విభాగం దగ్గర ఆ లెక్క ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

ఇట్లు,
సిబ్బంది విభాగంలో పనిచేసి విరమించిన ఒక పాఠకుడు