బెయిలు వచ్చేలోపే ఆధార్ సరిచేయాలి

సంపాదకులకు,

అయ్యా,

చెన్నై మాధవరంలోని ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమస్తాగా పనిచేస్తున్నందువల్ల, ఇక్కడి పుళల్ జైలు నుంచి బెయిలుపై విడుదలై, పోలీస్ స్టేషన్‌లో సంతకం పెట్టాలన్న షరతు కారణంగా సొంతూరికి వెళ్లలేక ఇక్కడే లోడింగ్ పని వెతుక్కునే నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల మనవాళ్లు అప్పుడప్పుడూ నాకు తారసపడుతుంటారు. కేసు ఉందని పని ఇవ్వనివాళ్లు లేకపోలేదు గానీ, నేను చూసినంతలో అంతకంటే ముందు అడ్డుపడేది ఆధార్.

కూలి బ్యాంకులో వేయాలన్నా, గది అద్దెకివ్వాలన్నా అదే అడుగుతారు. కార్డు పోయింది కదా అని డౌన్‌లోడ్ చేయబోతే ఓటీపీ పాత ఫోన్ నంబరుకు వెళుతుంది. ఆ నంబరు రీచార్జి లేక రద్దయి, ఈపాటికి ఏ కోయంబత్తూరులోనో ఇంకొకరి జేబులో మోగుతూ ఉంటుంది. రెండేళ్లకు పైగా లావాదేవీలు లేని ఖాతాను బ్యాంకు నిలిపివేస్తుంది, దాన్ని తిరిగి తెరిపించాలంటే కేవైసీ, అంటే మళ్లీ ఆధారే. వేలిముద్ర వేసి నంబరు మార్చుకోవచ్చన్నది నిజమే, కానీ ఆ సంగతి వీళ్లకు చెప్పేవారేరీ?

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని నేననను. పుళల్‌లో 2023లో మహిళా ఖైదీలే నడిపే పెట్రోలు బంకు తెరిచారు. తెలంగాణ జైళ్ల శాఖ తన బంకుల్లో విడుదలైనవారికి కూడా ఉద్యోగాలిచ్చింది. ఇవి మెచ్చదగినవే అయినా ప్రధానంగా శిక్ష పడినవారిని దృష్టిలో పెట్టుకున్నవి. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో దాదాపు నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు. బెయిలు ఏ రోజు వస్తుందో వాళ్ల వకీలుకే తెలియదు. ఉత్తర్వు అందిన సాయంత్రమే ఒక ప్లాస్టిక్ కవరుతో గేటు బయట ఉంటారు. ఇక విడుదలకు ముందు పునరావాస ప్రణాళిక వేసేదెప్పుడు? పూచీకత్తు కట్టలేని పేద విచారణ ఖైదీకి డబ్బు సాయం చేసే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది, అయితే దాని పని గేటు దాటించడంతోనే ముగుస్తుంది.

అందుచేత ఈ పని ఖైదీ లోపలికి వచ్చిన తొలి నెలల్లోనే జరగాలి. జైలులోని న్యాయ సహాయ కేంద్రంలో నెలకొకసారి ఆధార్ శిబిరం పెట్టి, కుటుంబంలో ఒకరి ఫోన్ నంబరును జతచేయించి, తాజా కార్డును విడుదల రోజున సొంత వస్తువులతో పాటు చేతికివ్వాలి. తమిళం చదవలేని మనవాళ్లకు షరతుల కాగితాన్ని తెలుగులో వివరించే స్వచ్ఛంద సేవకులను, ఉగాదికి వేదికలు కట్టి శాలువాలు కప్పే మన చెన్నై తెలుగు సంఘాలు తలచుకుంటే సమకూర్చలేవా?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ ఒక విన్నపం. ఊరికి తిరిగి వెళ్లదలచినవారి వివరాలను, వారి సమ్మతితో, ఇక్కడి న్యాయ సేవాధికార సంస్థ నుంచి తెప్పించుకుంటే రేషను కార్డులో పేరు తిరిగి చేర్పించే పని అక్కడ ముందుగానే మొదలుపెట్టవచ్చు. సమ్మతితో అని ఎందుకంటున్నానంటే, ఆ జాబితా పోలీస్ స్టేషన్‌కు చేరితే సాయం కాస్తా నిఘాగా మారుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మాధవరం, చెన్నై