నిషేధం ఎత్తేశారు సరే, చూడాలా వద్దా అన్నది మా ఇంటి విషయం

ఎడిటర్ గారికి నమస్కారం అండి. డావిన్సీ కోడ్ సినిమా మీద మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006 జూన్ 1న పెట్టిన నిషేధాన్ని 21న హైకోర్టు కొట్టేసిందని చదివిన కాడ్నుంచి నా బుర్రలో ఇదే తిరుగుతోంది, అందుకే రాస్తున్నా.

మాది గుంటూరు జిల్లా, తాతల నాటి నుంచి లూథరన్ క్రైస్తవ సంఘం. యేసయ్య తన శిష్యురాలు మగ్దలేనే మరియని పెళ్లి చేసుకున్నాడంట, ఆ వంశం ఫ్రాన్స్‌లో ఇంకా ఉందంట, ఆయన దేవుడన్నది క్రీ.శ. 325లో నైసియాలో జరిగిన బిషప్పుల సభలో ఓట్లేసి తేల్చారంట, ఇదీ కథ అని తెలిసినప్పుడు నాకూ కడుపు మండింది. బ్యాన్ చేశారనగానే సంతోషించాను కూడా, దాచడం ఎందుకు.

కానీ మా అమ్మాయి (డిగ్రీ సెకండియర్) ఈ సినిమాకి మూలమైన నవల హాస్టల్లో ఎప్పుడో చదివేసింది. సెలవులకి ఇంటికొచ్చి, నాన్నా నైసియాలో నిజంగానే ఓటింగ్ జరిగిందా అని అడిగితే నా దగ్గర జవాబు లేదండి. ఇన్నేళ్లు ప్రతి ఆదివారం గుడికెళ్లినవాణ్ణి, జవాబు లేదు. అప్పుడు మా పాస్టరు అయ్యగారి దగ్గర సంఘ చరిత్ర పుస్తకం తెచ్చుకుని కూర్చున్నా. అరియస్ అనే ఆయన కుమారుడైన యేసు కూడా సృష్టించబడినవాడే అని బోధిస్తుంటే దాని మీద జరిగిన సభ అది, చివరికి ఆ బోధ తప్పని సభ తేల్చిన దాని మీద సంతకం పెట్టనన్న బిషప్పులు ఇద్దరే. యేసు దేవుడన్న నమ్మకం అప్పుడు పుట్టింది కాదు, అంతకు 250 ఏళ్లకు పైగా ముందే బైబిల్లోని పౌలు ఉత్తరాల్లో ఉంది. యేసయ్య వంశాన్ని కాపాడుతోందని కథలో చెప్పే రహస్య సంఘం అయితే 1956లో ఫ్రాన్స్‌లో పెట్టింది, పాత చరిత్రంతా దొంగ కాగితాలే.

నాకు బాగా గుచ్చుకుంది మాత్రం మరియ సంగతి. చిన్నప్పటి నుంచి ప్రసంగాల్లో ఆమెని వేశ్య అనే విన్నాం, సువార్తల్లో ఆ మాటే లేదు, ఏడు దయ్యాలు వదిలిపోయాయని లూకా రాశాడు అంతే. 591లో పోప్ గ్రెగరీ ఒక ప్రసంగంలో ఆమెని, పాపాత్మురాలైన ఇంకో స్త్రీని ఒకళ్లే అన్నాడు, అదే మనదాకా వచ్చింది. యోహాను 20వ అధ్యాయంలో ఆమె సమాధి దగ్గర ఏడుస్తూ ఉంటే, ఎదురుగా ఉన్నది తోటమాలి అనుకుంటే, ఆ ఉన్న యేసయ్య "మరియా" అని పేరు పెట్టి పిలుస్తాడు, అప్పుడు గుర్తుపడుతుంది. లేచిన ప్రభువుని చూశానని శిష్యులకి చెప్పింది ఆమే కదండీ, సినిమావాళ్లు పెళ్లి అంటగట్టారని అంత కోపం వచ్చిన మనం ఇన్నేళ్లు ఆమెని ఏమన్నామో ఎందుకు ఆలోచించలేదు?

అయ్యగారు చూడొద్దన్నారు. ఆయన బాధ నిజమైనది, ఆయన మాటంటే నాకు గౌరవం, చూడనివాళ్లని ఎవరూ ఎగతాళి చేయకూడదు. అయితే సెన్సార్ వాళ్లు ఇది కల్పిత కథ అని వేయించి 'ఎ' సర్టిఫికెట్ ఇచ్చాక కూడా, అభ్యంతరాలొచ్చాయని ప్రభుత్వం సినిమా చూడకుండానే ఆపేయడం న్యాయం కాదు. 1978లో కరుణామయుడు వచ్చినప్పుడు, సినిమా హాలు గడప తొక్కని మా నాయనమ్మ కూడా బండెక్కి వచ్చి విజయచందర్‌ని సిలువ మీద చూసి ఏడ్చింది. రేపు ఇంకెవరో మా మనోభావాలు అని అలాంటి సినిమాని ఆపమంటే, చూడకుండా ఎలా ఆపుతారని మనం ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

నేనైతే అమ్మాయితో కలిసి వెళ్దామనుకుంటున్నా. వెళ్లే ముందు రోజు ఇద్దరం కూర్చుని యోహాను 20 చదువుతాం. మా ఆవిడ, నాకు చూడబుద్ధి కావట్లేదండీ మీరెళ్లండి అంది, బలవంతం చేయను.

మీకు ఒక మనవి. గొడవల వార్తలు చాలా వేశారు, సంఘ చరిత్ర బాగా తెలిసినవాళ్లతో నైసియా సభ గురించి, మగ్దలేనే మరియ గురించి తేలిక తెలుగులో ఒక వ్యాసం రాయించి ఆదివారం అనుబంధంలో వేయండి. మా ఇంట్లో లాగే చాలా ఇళ్లల్లో పిల్లలు అడుగుతున్నారు.

- ఒక పాఠకుడు, తెనాలి