బ్రౌనీలు ఎందుకు పొడిబారాయో మీకు చెప్పాలి

హనుమకొండలోని మా ఇంటి వంటగది నుంచి బ్రౌనీలు తెప్పించుకుంటున్న అందరికీ నమస్కారం. గత మూడు వారాలుగా మీకు అందిన బ్రౌనీలు మెత్తగా లేవు. సుబేదారి నుంచి ఒకరు ఫోన్ చేసి, "అక్కా, ఏమనుకోకు, ఈసారి బ్రౌనీలు గట్టిగున్నయ్, పిల్లలు పాలల్ల ముంచుకొని తిన్నరు" అన్నప్పుడు, ఆ ఒక్క పెట్టెలోనే ఏదో లోపం జరిగి ఉంటుందనుకున్నాను. ఆ సాయంత్రం మిగిలిన ముక్కను విరిచి చూస్తే, ముద్దగా విడిపోవలసిన మధ్యభాగం రస్కులా పొడిపొడిగా రాలిపోయింది.

కారణాలు రెండు. మొదటిది ఓవెన్. లోపల పెట్టే థర్మామీటర్ ఒకటి కొని చూస్తే, మీట 175 డిగ్రీల దగ్గర ఉన్నా లోపలి వేడి 195 దాకా పోతోంది. ఆ వేడికి నడుమ ఉడికేలోపే అంచులు ఎండిపోతాయి.

రెండవ తప్పు పూర్తిగా నాది. 2024లో ఐవరీ కోస్ట్, ఘనా దేశాల్లో కోకో పంట దెబ్బతిని, అంతర్జాతీయ మార్కెట్‌లో టన్ను ధర 10,000 డాలర్లు దాటింది. డార్క్ చాక్లెట్ ధర పెరిగినప్పుడు మీ మీద భారం వేయకూడదనుకొని, మీకు ఒక్క మాటైనా చెప్పకుండా, చాక్లెట్ కొంత తగ్గించి కోకో పొడి పెంచాను. కోకో పొడిలో కొవ్వు తక్కువ, పైగా అది మైదాలాగే తడిని పీల్చుకుంటుంది. ఓవెన్ సరిగా ఉన్నంత కాలం ఆ తేడా పెద్దగా బయటపడలేదు కానీ, వేడి పెరిగిన తరువాత దాచుకోవడానికి వీలు లేకుండా పోయింది. చెప్పకుండా మార్చినందుకు క్షమించండి.

ఇప్పుడు పాత కొలతలకే తిరిగి వచ్చాను: 8 అంగుళాల చదరపు ట్రేకు 150 గ్రాముల డార్క్ చాక్లెట్, 115 గ్రాముల బటర్, 200 గ్రాముల చక్కెర, రెండు గుడ్లు, అదనంగా ఒక పచ్చసొన, 65 గ్రాముల మైదా, 25 గ్రాముల కోకో. చక్కెర తగ్గించమని కొందరు అడుగుతున్నారు. చక్కెర తీపి కోసం మాత్రమే కాదు, తడిని పట్టి ఉంచేది కూడా అదే కాబట్టి, ఆ కోరికను మాత్రం తీర్చలేను. మైదా వేశాక పిండిని ఎక్కువసేపు కలపడం లేదు. 22వ నిమిషం నుంచి ఓవెన్ దగ్గరే నిలబడుతున్నాను. గుచ్చిన టూత్‌పిక్ శుభ్రంగా బయటికి వచ్చిందంటే ఆలస్యమైపోయినట్టే. దానికి తడి పలుకులు అంటుకొని ఉండగానే ట్రే బయటికి తీయాలి. అప్పుడు పచ్చిగా ఉన్నట్టు అనిపించినా, చల్లారేసరికి నడుమ కుదురుకుంటుంది. అందుకే పూర్తిగా చల్లారిన తరువాతే కోస్తున్నాను.

ఇంట్లో గాలి చొరని డబ్బాలో పెడితే రెండు మూడు రోజులు మెత్తగానే ఉంటాయి. మన వరంగల్ ఎండాకాలంలో ఫ్రిజ్ తప్పదు. చల్లదనానికి బటర్, చాక్లెట్ బిగుసుకుంటాయి కనుక తినడానికి ఒక గంట ముందు బయట పెట్టండి.

ఆరు ముక్కల పెట్టె ధర వచ్చే సోమవారం నుంచి 280 రూపాయల బదులు 320 అవుతుంది. గత మూడు వారాల్లో పెట్టె తీసుకున్నవారు ఒక్క మెసేజ్ పెడితే చాలు, కొత్త పెట్టె ఉచితంగా పంపిస్తాను. బిల్లు చూపించనవసరం లేదు.