పాత తాడు కొనేముందు

సంపాదకులకు నమస్కారం.

రామతీర్థం బోడికొండ లాంటి రాతికొండలు ఎక్కాలని సరదాపడే మన జిల్లా కుర్రాళ్లకు సెకండ్ హ్యాండ్ సామాను గురించి రెండు మాటలు. కారబైనర్ (తాడును తగిలించే లోహపు కొక్కెం) పాతదైనా ఫర్వాలేదు. దాని గేటు, అంటే తెరుచుకునే పుల్ల, దానంతటదే మూసుకోవాలి, తాడు ఒరిసినచోట గాడి 1 మిల్లీమీటరు దాటకూడదు. తాడు, హార్నెస్ (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలు) సంగతి వేరు. వాడకుండా దాచినా, తయారై 10 ఏళ్లు దాటితే కొనొద్దు. బ్యాటరీ యాసిడ్ ఆవిరి తగిలిన నైలాన్ పైకి కొత్తదానిలాగే ఉంటుంది, బలం మాత్రం పోతుంది. తాడు మొత్తాన్నీ వేళ్ల మధ్య జారుస్తూ జానెడుకోసారి వంచి చూడండి. వంపు గుండ్రంగా నిలవకుండా కాగితంలా మడతపడితే లోపలి పోగులు దెబ్బతిన్నట్టే. లారీ తాళ్లు అసలే వద్దు. అవి ఎక్కే తాడులా సాగవు, పడినప్పుడు దెబ్బంతా ఒంటికే.

ఇక వేళ్ల దెబ్బల గురించి ఒక మాట. రాతి మీద చిన్న పట్టు పట్టుకుని వేలాడుతుండగా ఉంగరం వేలిలో టప్పుమంటే, వేలిని వంచే స్నాయువును (కండను ఎముకకు కలిపే తాడులాంటి భాగాన్ని) ఎముకకు అదిమిపట్టే కట్టు తెగి ఉండొచ్చు. వెంటనే దిగిపోండి. దయచేసి ఆ వేలిని లాగించకండి, తోమించకండి. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు పెట్టి, ఎముకల డాక్టరుకు చూపించండి. వాపు తగ్గిందని వారానికే మళ్లీ ఎక్కితే సగం తెగిన కట్టు పూర్తిగా తెగొచ్చు.

– ఒక పాఠకుడు, విజయనగరం