పాత ఆఫీసు డబ్బాతో ఇంట్లో వీడియో సర్వర్

అనంతపురం

ఒరే అబ్బీ,

కడపలో అందరూ బాగుండారు కదా. ఇంట్లో వీడియోలన్నీ ఒకచోట పెట్టి టీవీలో, ఫోన్లలో చూసేదానికి ఏ కంప్యూటర్ కొనాల అని అడిగినావు కదా, గేమింగ్ మిషన్ల జోలికి అస్సలు పోవద్దు.

ఫైలును టీవీ నేరుగా ఆడించగలిగితే సర్వర్‌కు పెద్ద పనేం ఉండదు. టీవీకి ఆ ఫార్మాట్ రాకపోతేనే సర్వర్ అప్పటికప్పుడు మార్చి పంపాల. ట్రాన్స్‌కోడింగ్ అంటే అదే. దాన్ని ప్రాసెసర్ కోర్ల మీద వేస్తే ఫ్యాను గోల చేస్తుంది, బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ఇంటెల్ గ్రాఫిక్స్‌లోని క్విక్ సింక్ అదే పని తేలిగ్గా చేస్తుంది. 10 బిట్ హెచ్‌ఈవీసీ అనే వీడియో ఫార్మాట్ కూడా కావాలంటే ఇంటెల్ ప్రాసెసర్ కనీసం 7వ తరందై ఉండాల.

అందుకే సెకండ్ హ్యాండ్‌లో ఐ5-8500టీ అనే 8వ తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న చిన్న ఆఫీసు డెస్క్‌టాప్ వెతుకు. ఆప్టిప్లెక్స్ మైక్రో, థింక్‌సెంటర్ టైనీ లాంటివి. కొత్తదే కావాలంటే ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ తీసుకో. ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ ఉంటే మాత్రం వద్దు, అందులో గ్రాఫిక్సే ఉండదు. రాస్‌బెర్రీ పై 5 అనే చిట్టి కంప్యూటర్ కూడా వద్దు, వీడియోను మార్చి పంపే ఎన్‌కోడర్ చిప్పులో దానికి లేదు. ర్యామ్ 8 జీబీ చాలు. సిస్టమ్‌కు 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, వీడియోలకు వేరే హార్డ్ డిస్కు. ఆ డిస్కును లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చెయ్యి.

డెబియన్ అనే లినక్స్ వేసి, జెల్లీఫిన్ అనే వీడియో సర్వర్ సాఫ్ట్‌వేర్ పెట్టు. హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్‌కు అది డబ్బు అడగదు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే: జెల్లీఫిన్ యూజర్‌ను, గ్రాఫిక్స్ వాడే అనుమతి ఉండే రెండర్ గ్రూపులో చేర్చి, సర్వీసు రీస్టార్ట్ చెయ్యాల. లేకుంటే దానికి గ్రాఫిక్స్ అందదు, వీడియో ఎర్రర్‌తో ఆగిపోతుంది. తర్వాత ప్లేబ్యాక్ సెట్టింగులలో క్విక్ సింక్ ఎంచుకో. ఒక వీడియోకు క్వాలిటీ తగ్గించి ఆడించి, గ్రాఫిక్స్ ఎంత పనిచేస్తోందో చూపించే ఇంటెల్ జీపీయూ టాప్ అనే ప్రోగ్రామ్‌లో వీడియో గీత కదులుతోందా చూడు. కదలకుంటే పనంతా ప్రాసెసరే మోస్తున్నట్టు.

సబ్‌టైటిల్స్ సంగతి మరిచిపోవద్దు. బ్లూరే డిస్కుల నుంచి వచ్చే, అక్షరాలు బొమ్మల రూపంలో ఉండే సబ్‌టైటిల్స్ పెడితే చాలాసార్లు మొత్తం వీడియోనే ట్రాన్స్‌కోడ్ అవుతుంది, ఉత్త అక్షరాలుండే ఎస్‌ఆర్‌టీ ఫైళ్లు మేలు. తెలుగు ఎస్‌ఆర్‌టీని యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో (తెలుగు అక్షరాలు చెడకుండా దాచే పద్ధతి) సేవ్ చేసుకో. సర్వర్‌లో నోటో తెలుగు ఫాంట్ వెయ్యి, లేకుంటే వీడియోలో కలిపినప్పుడు అక్షరాల బదులు డబ్బాలు వస్తాయి.

మీ కడప ఎండలకు దాన్ని మూసిన అరలో పెట్టొద్దు. కరెంటు పోయి వస్తే తనంతట తానే ఆన్ అయ్యేలా బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగులు) పవర్ సెట్టింగ్ మార్చు. బయటి నుంచి చూసేదానికి రౌటర్‌లో పోర్టు తెరవొద్దు, నీ పరికరాల మధ్యే ప్రైవేటు నెట్‌వర్క్ కట్టే టెయిల్‌స్కేల్ వాడుకో.

అంగట్లో ఏదైనా నచ్చితే, డబ్బు కట్టకముందే ప్రాసెసర్ నంబరు నాకు పంపు.

ఇట్లు,
నీ స్నేహితుడు