2024 వార్షిక నివేదిక: కౌంట్ బేసీ 120వ జయంతి విశేషాలతో

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారములు.

మన సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక వాటిని మళ్లీ ఏకరువు పెట్టను. ఉగాది, బతుకమ్మ వేడుకలు, పిల్లల తెలుగు తరగతులు యథాప్రకారం జరిగాయి. ఈ యేడు గర్వంగా చెప్పుకోవలసింది ఆగస్టులో జరిపిన కౌంట్ బేసీ జయంతి సభ. న్యూజెర్సీలో ఏళ్లుగా కాపురముంటూ, సముద్రతీరానికి పోయినప్పుడల్లా రెడ్ బ్యాంక్‌ను దాటిపోయే మనలో చాలామందికి, ‘కౌంట్’ బేసీగా పేరొందిన జాజ్ బృందనాయకుడు విలియం బేసీ 1904 ఆగస్టు 21న ఆ ఊళ్లోనే పుట్టాడనీ, బట్టలుతికి ఇల్లు గడిపిన తల్లి దగ్గరే పియానో ఓనమాలు దిద్దాడనీ తెలియదు.

సభకు గాయకులనే ప్రధానాంశంగా తీసుకున్నాం. 1935లో బృందనాయకుడు బెన్నీ మోటెన్ మరణించాక కాన్సాస్ సిటీలో బేసీ సొంత బృందం కట్టినప్పుడు, మోటెన్ దగ్గర తనతో పాటు పనిచేసిన జిమ్మీ రషింగ్ గొంతే దానికి పెట్టుబడి. 1937లో గాయని బిల్లీ హాలిడే చేరింది. అయితే ఆమె ఒక రికార్డు సంస్థకూ, బేసీ డెక్కా అనే మరో సంస్థకూ ఒప్పందపడి ఉండటంతో ఇద్దరూ కలిసి స్టూడియోలో ఒక్క పాటైనా రికార్డు చేయలేకపోయారు. రేడియో ప్రసారాల నుంచి పట్టిన కొద్దిపాటి పాటలే మిగిలాయి. వాటిని సభలో వేసి, పాత రికార్డింగుల గరగర మధ్యనే ఆమె గొంతు వినిపించినప్పుడు, వెనుక వరుసలో ఫలహారాల మాటల్లో ఉన్నవారు కూడా ఇటు తిరిగారు. మరుసటి ఏడు ఆమె స్థానంలో హెలెన్ హ్యూమ్స్ వచ్చింది. 1950లో ఖర్చులు భరించలేక పెద్ద బృందాన్ని రద్దు చేసిన బేసీ, 1952లో మళ్లీ నిలబెట్టాడు. 1954లో చేరిన జో విలియమ్స్ పాడిన బ్లూస్‌తో దానికి పూర్వవైభవం వచ్చింది. గాయకులు ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, ఫ్రాంక్ సినాట్రా 1960లలో కూడా బేసీతో కలిసి రికార్డులు చేశారు.

గాయకులు అతని దగ్గర రాణించడానికి కారణం, నా మట్టుకు, అతని పొదుపే. రెండు మూడు స్వరాలు పలికించి చేయి తీసేసేవాడు. మిగిలిన జాగా గొంతుదే. పిల్లలచేత చతురస్ర జాతి ఏకతాళం వేయించి, దానిపై బేసీ బృందంలోని ఫ్రెడ్డీ గ్రీన్ గిటారు వినిపించాం. దెబ్బకొక మీటు చొప్పున నాలుగూ సరిపోయేసరికి, మృదంగం నేర్చుకునే కుర్రవాళ్లు మళ్లీ వేయమని పట్టుబట్టారు.

రికార్డులు అరువిచ్చిన మిత్రులకు, పులిహోర, బొబ్బట్లు చేసి తెచ్చిన అక్కయ్యలకు, పిల్లలను తయారుచేసిన సంగీతం టీచరుగారికి, మైకు సర్దిన యువకులకు, పోస్టరు గీసిన చిన్నారులకు కార్యవర్గం పక్షాన కృతజ్ఞతలు. ఇక చెప్పక తప్పని మాట: స్వచ్ఛంద సేవకుల పట్టికలో పేర్లు నిండుగా కనిపించినా, కృష్ణాష్టమి పనులున్నాయంటూ అత్యధికులు ముఖం చూపలేదు; కుర్చీలు వేసినవారే తీశారు. హాలు అనుమతి కోసం నెలల ముందు పెట్టిన దరఖాస్తుకు సంబంధిత అధికారి సభ ముందురోజు సాయంత్రం వరకూ బదులివ్వలేదు.

జమాఖర్చులు అనుబంధంలో ఉన్నాయి. ఖర్చు కొంత హెచ్చింది, దాతలు పూడ్చారు.

వచ్చే ఏడు ఇదే వరుసలో ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్‌పై సభ పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. పేర్లు ఇచ్చేవారు వచ్చే ఉద్దేశంతోనే ఇవ్వవలసిందిగా కోరుతూ, ఈ నివేదికను సభ ఆమోదానికి సమర్పిస్తున్నాను.

ఇట్లు,
కార్యదర్శి